ఇంటి నవ్వుల చరిత్ర

నేను నంద్యాలలో ముప్పై మూడేండ్లు చరిత్ర పాఠం చెప్పి విరమించిన ఉపాధ్యాయుణ్ణి. ఆ పాఠాలు ఎందరికి జ్ఞాపకం వున్నాయో చెప్పలేను గాని, విశ్రాంతి వేళల్లో ఉపాధ్యాయుల గదిలో నేను చెప్పిన ఇంటి కబుర్లు మాత్రం చాలామందికి జ్ఞాపకం వున్నాయి. పప్పులో రెండుమార్లు ఉప్పు పడిన రోజు, మా పిల్లవాడు నా జవాబు పత్రాలతో పడవలు చేసిన రోజు, అత్తవారింటి నుంచి వచ్చిన కందుల మూటలో ఎలుకతో సహా వచ్చిన వైనం - ఇవన్నీ మా గదిలో సంవత్సరాల తరబడి చలామణి అయిన నాణేలు. అన్నిటికంటే ఎక్కువ చెల్లుబాటయిన నాణెం ఒకటి వుంది: "మా ఇంట్లో ఇద్దరు టీచర్లం. నాకు జీతం, ఆమెకు అధికారం."

ఈ మాటకు నవ్వని సహోపాధ్యాయుడు లేడు. బదిలీ అయిపోయినవాళ్ళు కూడా ఎక్కడో బస్టాండులో కనిపించి, "ఏం సారూ, అధికారం ఎట్లా వుంది?" అని పలకరించేవారు.

నిరుడు ఒక కళాశాల విద్యార్థులు తమ సాహిత్యసభలో "గృహహాస్యం" మీద మాట్లాడమని అడిగారు. ఇంత అనుకూలమైన విషయం నాకు ఎన్నడూ దొరకలేదు. రాత్రి కూర్చొని నా ఇంటి కబుర్లన్నీ వరుసగా రాసుకుని, ఊరికి వచ్చివున్న మా పాపకు చదివి వినిపించాను. ఆమెదీ చరిత్ర శాస్త్రమే. జీతం, అధికారం మాట వచ్చేసరికి అడిగింది:

"నాయనా, ఆ మాటకు ఎవరెవరు నగినారు?"

"అందరూ నగినారు."

"అమ్మ నగిందా?"

ప్రశ్న చిన్నదే. ఏ చారిత్రక పత్రాన్నయినా పరీక్షించేటప్పుడు, ఇది ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఇందులో మాట్లాడనివారెవరు అని అడగమని నేనే ఆ పిల్లకు నేర్పాను. నేర్పిన విద్య తిరిగి నా నట్టింటికే వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు వెదికే ప్రయత్నమే యీ వ్యాసం.

మొదట సాహిత్యంలో వెదికాను. ఆధునిక తెలుగు వచనంలో సంసారం మీద నవ్వు ఎవరి నోట పుట్టింది? వీరేశలింగంగారు 1870లలో "హాస్య సంజీవని" నడిపినప్పుడు, ప్రహసనాలు రాసినప్పుడు, ఆ నవ్వు కాలక్షేపపు నవ్వు కాదు. పసిపిల్లను కొనుక్కుని పెండ్లాడే ముసలివాడి మీద, లంచగొండి ఉద్యోగి మీద ఎక్కుపెట్టిన నవ్వు అది. "పెద్దయ్యగారి పెళ్ళి" అని జనం పిలుచుకున్న "బ్రాహ్మ వివాహము" చదివితే, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన తొలి వితంతు వివాహానికి ఏ రకమైన దారి వేయబడిందో అర్థమవుతుంది. అక్కడ నవ్వించేవాడు సంస్కర్త, నవ్వులపాలయ్యేవాడు ఇంటి యజమాని.

1902లో భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" వచ్చింది. అందులో దారి తప్పబోయిన భర్తను భార్య నిలబెడుతుంది. 1910 ఫిబ్రవరిలో గురజాడవారి "దిద్దుబాటు" అచ్చయింది. భోగంమేళం చూసి అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య రాసిన ఉత్తరం తప్ప భార్య కనిపించదు. అతను నిజంగా దుఃఖపడిన తరువాత గాజుల చప్పుడు, దానితోపాటు నవ్వు, మంచం కింద నుంచి వినిపిస్తాయి. మిత్రులారా, ఇది గమనించవలసిన విషయం. మన ఆధునిక కథానికకు దాదాపు పుట్టింటిలోనే, ఇంటి నవ్వు ఇల్లాలిది. చివరిమాట ఆమెది, చివరి నవ్వు ఆమెది.

మరి ఆ నవ్వు మంచం కింద నుంచి లేచి భర్తగారి పడకకుర్చీలోకి ఎప్పుడు, ఎందుకు మారింది?

ఇందుకు కారణం రచయితల గుణదోషాలలో కాక జీవన విధానంలో వెదకాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దల ఎదుట భార్యాభర్తలు పది మాటలు మాట్లాడుకునే వీలు లేదు. పరిహాసం బావామరదళ్ళది, వదినామరదళ్ళది. ఇంగ్లీషు చదువు, బళ్ళు, కచేరీలు వచ్చి మొదటి తేదీ జీతం అనేది ఏర్పడిన తరువాతనే, పట్నంలో అద్దె వాటాలో ఒక మొగుడు, ఒక పెళ్ళాం, నలుగురు పిల్లలు అనే కొత్త సంసారం ఏర్పడింది. ఆ సంసారంలో ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ, గోడలు పలుచన, మాటలు దగ్గర. ఈ ఇరుకులో నుంచి పుట్టినదే మన గృహహాస్యం. మునిమాణిక్యం నరసింహారావుగారు (1898-1973) ఆ హాస్యానికి రాజు. ఆయన కూడా బడిపంతులే. "కాంతం కథలు"లో మాట్లాడేది భర్త. కాంతం తెలివిగలది, మాటకు మాట అందిస్తుంది. చాలాసార్లు ఓడిపోయేది భర్తే. ఆ ఓటమిని దాచుకోకుండా చెప్పడం ఆయన సంస్కారం. కాని కలం మాత్రం భర్త చేతిలోనే వుంటుంది. కాంతం ఎంత గెలిచినా, ఆ గెలుపును ప్రకటించే హక్కు ఓడినవాడిదే.

అదే కాలంలో కలం పట్టిన స్త్రీలు లేకపోలేదు. 1928లో మద్రాసు నుంచి "గృహలక్ష్మి" వెలువడింది. అందులో కనుపర్తి వరలక్ష్మమ్మగారి "శారద లేఖలు" ఇంటి మాటలనూ దేశం మాటలనూ ఒకే ఉత్తరంలో పెట్టాయి. తరువాత భానుమతీ రామకృష్ణగారి "అత్తగారి కథలు", 1960లలో రంగనాయకమ్మగారి "స్వీట్ హోమ్" వచ్చి, ఇంట్లో నవ్వదగినది ఏది అన్న ప్రశ్నను ఆడవాళ్ళ వైపునుంచి తిరిగి వేశాయి. 1990లో పి. సత్యవతిగారి "ఇల్లలకగానే"లో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరునే మరచిపోయిన ఇల్లాలు కనిపిస్తుంది. నవ్వుతూనే చదవడం ప్రారంభిస్తాం. నవ్వు ఎక్కడ ఆగిందో చదివినవాళ్ళకు తెలుసు.

ఇక్కడ మనవాళ్ళ లోపం కూడా ఒప్పుకోవాలి. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగినది మొదలు, మనం భూమి గురించి, కూలి గురించి, యుద్ధం గురించి, శాంతి గురించి రాశాం. రాయవలసిందే. కాని గృహహాస్యాన్ని మాత్రం నావంటివాళ్ళం "మధ్యతరగతి కాలక్షేపం" అని ఒక్క మాటతో కొట్టివేశాం. కొట్టివేసినది వ్యాసాలలో. ఇంట్లో మాత్రం దానిమీదనే బతికాం. కుటుంబ వ్యవస్థ పుట్టుకను గురించి ఏంగెల్సు 1884లో వెలువరించిన గ్రంథం మీద ప్రసంగానికి బయలుదేరుతూ, చొక్కాకు ఇస్త్రీ కాలేదని నేను అలిగిన రోజు ఒకటి వుంది. ఆ రోజు ప్రసంగం బాగానే నడిచింది. చొక్కా కూడా బాగానే వుంది.

ఇప్పుడు మా ప్రాంతం సంగతికి వస్తాను. 1800లో నిజాం నవాబు బళ్ళారి, కడప సీమలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కర్నూలు నవాబు చెల్లించే పేష్కషు మీది హక్కు కూడా ఆ లెక్కలోనే పోయింది. 1839లో నవాబును దించి కర్నూలును కంపెనీ నేరుగా కలుపుకున్నది. ఆనాటి నుంచి మాకు మిగిలిన పేరు "దత్తమండలాలు". ఒకడు ఇచ్చాడు, ఇంకొకడు పుచ్చుకున్నాడు. ఇవ్వబడిన జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ పేరులోని అవమానాన్ని భరించలేక, 1928 నవంబరులో మా నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అన్న పేరును ప్రతిపాదించారు, సభ ఆమోదించింది. ఈ కథను నేను తరగతిలో ఎంతో ఉద్వేగంతో చెప్పేవాణ్ణి. ఇచ్చిపుచ్చుకోవడానికి మనం వస్తువులమా అని బల్ల చరిచేవాణ్ణి.

సాయంత్రం ఇంటికి వస్తే, మా ఆవిడ ఎవరితోనో చెప్పుతూ వుండేది: "మాది ఆళ్ళగడ్డ, నన్ను నంద్యాలకు ఇచ్చినారు." మా సీమలో పిల్లకు పెండ్లి చేశారని చెప్పవలసినచోట "ఇచ్చినారు" అంటారు. బల్ల చరిచిన చేయి ఆ మాటకు ఒక్కనాడూ కదలలేదు. దత్తమండలం పేరు పోయి దాదాపు వంద సంవత్సరాలవుతున్నది. ప్రతి ఇంట్లో ఒక దత్తమండలం ఇంకా వుంది.

చట్టం సంగతి కూడా ఇట్లాగే నడిచింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. దేశంలో ముందు నడిచిన చట్టాలలో అది ఒకటి. కాని అంతకు ముందే పెండ్లి అయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. మా పెండ్లి 1982లో. "మూడేండ్లు ఆగివుంటే నాకు నాలుగెకరాల భార్య దొరికేది" అని దీనిమీద కూడా నేను ఒక హాస్యం చేశాను. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ అడ్డును తీసివేసింది. అప్పటికి మామగారి పొలం అన్నదమ్ముల మధ్య పంపకమయి ఇరవై ఏండ్లు దాటింది. హాస్యం మాత్రం నా దగ్గర మిగిలింది.

కర్నూలు-కడప కాలువ చరిత్ర మా ప్రాంతపు విద్యార్థులకు కంఠస్థం. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1858లో ఏర్పడింది. తుంగభద్ర నుంచి నెల్లూరు తీరం దాకా నీరు, పడవలు నడిపిస్తామన్నది. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా మాత్రమే కాలువ తవ్వింది. ఆ పెట్టుబడికి సర్కారు నూటికి అయిదు వడ్డీ పూచీ ఇచ్చింది. వాన కురిసినా కురవకపోయినా, రైతు నీళ్ళు వాడినా వాడకపోయినా, లండనులోని వాటాదారుకు అయిదు శాతం ముట్టవలసిందే. చివరకు 1882లో ఆ కాలువను సర్కారే కొనుక్కున్నది.

ఈ పాఠం చెప్పేటప్పుడు వాటాదారును ఎంతగా తిట్టేవాణ్ణో చెప్పలేను. కాని నిదానంగా ఆలోచిస్తే, మా ఇంట్లో ఆ వాటాదారును నేనే. మొదట పత్తికట్టె పొయ్యి, ఆ తరువాత మిల్లు నుంచి తెచ్చిన ఊకతో పొట్టుపొయ్యి, ఆ తరువాత కిరసనాయిలు స్టవ్వు, చివరకు గ్యాసు. పొయ్యి ఏదయినా, కుళాయి వచ్చినా రాకపోయినా, పిల్లకు జ్వరమయినా, ఆమెకే జ్వరమయినా, ఎనిమిది గంటలకు నాకు ఉగ్గాని, మధ్యాహ్నానికి జొన్నరొట్టె క్యారియరు. నా అయిదు శాతానికి ఏనాడూ లోటు రాలేదు. రాష్ట్రంలో పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో మొదలయింది. అప్పటిదాకా, ఆ తరువాత కూడా, ఎన్నో ఇండ్లలో వడ్డీ పొగలో నుంచే వచ్చింది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి గంజి పోయించిన సంగతి మా సీమ మరువలేదు, మరువకూడదు. కాని ఆ గంజి కాగులను దించిన చేతులను గురించి నా ప్రశ్నపత్రాలలో ఒక్క ప్రశ్న కూడా ఎన్నడూ ఇవ్వలేదు.

ఇక అసలు విషయం. "ఇద్దరు టీచర్లం" అన్న నా మాటలో అబద్ధం లేదు. మా ఆవిడ పెండ్లి నాటికే ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసింది. 1984లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆళ్ళగడ్డ అవతల ఒక చిన్న ఊరిలో ప్రాథమిక పాఠశాల. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు నలభై కిలోమీటర్లకు పైచిలుకే. ఆళ్ళగడ్డకు ఆనాడూ రైలు లేదు, నేడూ లేదు. తెల్లవారుజామున ఆరు గంటల బస్సుకు పోయి, దిగి, మూడు కిలోమీటర్లు నడిచి, సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరేది. మరుసటి సంవత్సరం పిల్లవాడు పుట్టాడు. మా అమ్మ కొంతకాలం చూసుకున్నది. తరువాత ఆమెకు చేతకాలేదు. 1987లో మా ఆవిడ రాజీనామా చేసింది. "పిల్లవాడి కోసం మానేసింది" అని నేను అందరికీ చెప్పాను. చాలాకాలం నేనూ అదే నమ్మాను.

పాప ప్రశ్న వేసిన మరుసటి రోజు, సభకు ఇంకొన్ని ముచ్చట్లు దొరుకుతాయేమోనని పాత పద్దుల పుస్తకాలు దించాను. మా ఆవిడ పెండ్లయిన నెల నుంచి పద్దు రాస్తున్నది. పాలు, కట్టెలు, చాకలి, బస్సు చార్జీలు. చరిత్రకారునికి ఇంతకన్న నమ్మకమైన ఆధారం లేదు. 1987 పుస్తకం చివర మడిచిపెట్టిన ఒక కాగితం వుంది. ఆళ్ళగడ్డకు బదిలీ కోరుతూ ఒక అర్జీ. అర్జీదారు పేరు నాది. చేతిరాత ఆమెది. కింద సంతకం చేయవలసిన చోటు ఖాళీగా వుంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఒక రాత్రి అన్నం దగ్గర ఆమె ఆ కాగితం చూపించింది. ఇద్దరం ఆళ్ళగడ్డలో వుంటే ఇద్దరి ఉద్యోగాలూ నిలుస్తాయని, అమ్మవాళ్ళు పిల్లవాణ్ణి చూసుకుంటారని ఆమె లెక్క. నేను చదివి నవ్వి, "ఏమి, నన్ను ఇల్లరికం పంపిస్తావా? అహోబిలం నరసింహస్వామి చెంచులకు అల్లుడయినట్లు నేనూ ఆళ్ళగడ్డ కొండెక్కాలా?" అన్నాను. అది మంచి హాస్యమే. మా అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో ఆ కాగితం మడతపడిపోయింది. నేను కాదనలేదు, అవుననలేదు, కారణం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాకుండా నవ్వు నన్ను కాపాడింది. నాలుగైదు నెలలకు ఆమె రాజీనామా చేసింది. ఆ తరువాతనే "నాకు జీతం, ఆమెకు అధికారం" అన్న నాణెం నా గదిలో చలామణిలోకి వచ్చింది.

ఈ సంగతి చెప్పి నేను పశ్చాత్తాపపు మెప్పు కోరడం లేదు. చెప్పదలచింది ఒకటే. హాస్యం ఏ పని చేస్తుందో పరీక్షించాలి. వాదనకు వాదనతో జవాబు చెప్పవచ్చు, కోపానికి కోపంతో చెప్పవచ్చు. హాస్యానికి జవాబు చెప్పినవాళ్ళు మాత్రం రసహీనులవుతారు. అధికారం వున్నవాడి చేతిలో నవ్వు తీర్పు వంటిది. దానిమీద అప్పీలు లేదు. వీరేశలింగంగారి ముసలి పెండ్లికొడుకు మీద పేలిన నవ్వూ, నా భోజనాల పీట మీద పేలిన నవ్వూ ఒకే జాతివి కావు. మొదటిది కింద వున్నవారి పక్షాన నిలిచింది. రెండవది ఒక సంతకాన్ని ఆపింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ప్రజలు పొద్దు ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్నవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. పాల్గొన్నవారు దానిమీద వెచ్చించేది స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. 1919లోనే లెనిన్ సామూహిక వంటశాలలను, శిశుశాలలను గురించి రాశాడు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండు స్త్రీలలో నూటికి తొంభైమంది ఒక్కరోజు ఇంటా బయటా పని మానేశారు. ఆ రోజు ఆ దేశం స్తంభించింది. మా ఇంట్లో అటువంటి రోజు రాలేదు. వచ్చివుంటే దానిమీద కూడా నేను ఒక హాస్యం చేసివుండేవాణ్ణి.

నాకు నెలనెలా పింఛను వస్తుంది. ఆమెకు రాదు. 1984 నుంచి ఆమె ఉద్యోగం నిలిచివుంటే ఎంత వచ్చేదో పాప కాగితం మీద లెక్కవేసి చూపించింది. ఆ అంకె ఇక్కడ రాయను. నవ్వుకు ధర కట్టినట్లుంటుంది.

అయితే గృహహాస్యం వద్దా? వద్దనడానికి నేనెవరిని! నవ్వులేని ఇల్లు మనకు వద్దు. మొగుణ్ణి చూసి పెళ్ళాం, తండ్రిని చూసి బిడ్డ ధైర్యంగా నవ్వగలిగిన ఇల్లు కావాలి. విద్యార్థి మిత్రులు, ఉపాధ్యాయ మిత్రులు తమ ఇండ్లలోని పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, సంతకం కాని అర్జీలు వెదకాలి. కోటల చరిత్రను శాసనాలలో చదివినట్లే వంటింటి చరిత్రను వాటిలో చదవాలి. మునిమాణిక్యంవారి కాంతం తానే కలం పట్టివుంటే ఏమి రాసేదో ఊహించడం కూడా మంచి విమర్శే.

సభలో నేను ముచ్చట్లు చెప్పలేదు. ఇదే చదివాను. కొందరికి నిరాశ కలిగింది. నవ్విస్తానని పిలిచారు గదా.

అచ్చుకు పంపే ముందు దీనిని మా ఆవిడకు చదివి వినిపించాను. పేరు పెట్టమంటావా అని అడిగాను. "ముప్పై ఏండ్లు పేరు లేకుండానే నగించినారు, ఇప్పుడు పేరు పెట్టి ఏమి ఏడిపిస్తారులే" అన్నది. మిగతా దానిమీద ఏమీ అనలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ ఒక్క సవరణ మాత్రం చెప్పింది:

"బస్సు ఆరు గంటలది కాదు. అయిదున్నరది."

పాఠకులు పైన అట్లా దిద్దుకొని చదవాలని మనవి.